కాగితానికీ పడుగు ఉంటుంది: బరంపురంలో 160 శుభలేఖల ఆర్డర్

సెప్టెంబర్ చివర్లో మా వీధి చివరింటి పెద్దాయన వచ్చి, వాళ్ల అమ్మాయి పెళ్లికి శుభలేఖలు చేతితో చేసిచ్చే పని నాకు అప్పజెప్పారు. పెళ్లి మార్గశిరంలో. వాళ్లది తెలుగిల్లు, బరంపురంలో తరాలుగా పట్టు నేసిన కుటుంబం. అబ్బాయి వాళ్లు ఒడియావాళ్లు, ఛత్రపురం వైపు. "అమ్మా, రెండు వైపుల వాళ్లూ చేతిలోకి తీసుకోగానే ఇది మాదే అనుకోవాలి, నాకు అంతే కావాలి" అన్నారాయన. 160 కార్డులు, 24 రోజులు. అప్పటికి నాలుగేళ్లుగా పుట్టినరోజు కార్డులు, సీమంతం కార్డులు, గిఫ్ట్ బాక్సులు చేస్తున్నాను గానీ ఒకే డిజైన్ 40కి మించి ఎప్పుడూ చెయ్యలేదు.

ఈ ఆర్డర్‌లో మొదటి వారం దాదాపు అంతా పాడైంది. ఎందుకు పాడైందో, ఒక్కొక్కటీ ఎలా పట్టుకున్నానో దాచకుండా రాస్తున్నాను. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లోనూ, అటు ఇచ్ఛాపురం, సోంపేట దాకానూ కాగితాన్ని ఆకారాలుగా కోసే ఈ చిన్న మెషిన్ పెట్టుకుని ఇంట్లో పని చేసుకుంటున్న ఆడవాళ్లు చాలామంది నాకు తెలుసు. వాళ్లందరికీ ఇవే ఇబ్బందులు.

ముందు డిజైన్ సంగతి. బరంపురం పట్టు చీర అంచు ఒకసారి చూస్తే మర్చిపోలేం, గుడి శిఖరాల్లా కోణాలు వరసగా నిలబడి ఉంటాయి. దాన్ని ఫోడా కుంభ అంటారు. ఈ చీరకీ, మగవాళ్లు కట్టే పట్టు పంచె, ఉత్తరీయం జోడకీ ఉన్న భౌగోళిక గుర్తింపు (జీఐ)లో కూడా ఆ పేరే ఉంది. కార్డు కింది అంచుకి ఆ కోణాల వరస పెట్టాను. పైన మామిడాకుల తోరణం. పెళ్లికి గుమ్మానికి మామిడాకు కట్టడం ఇటు మనలోనూ ఉంది, అటు వాళ్లలోనూ ఉంది. మధ్యలో శంఖం. పూరీకి శంఖక్షేత్రమని పేరు, మన విష్ణుమూర్తి చేతిలో ఉండేదీ శంఖమే. డై అంటే కాగితాన్ని ఒక ఆకారంలో కోసే పదునంచు లోహపు అచ్చు. కోణాల డై, ఆకుల డై నా దగ్గర ఉన్నవే. శంఖం మాత్రం ప్రత్యేకంగా చేయించాను. పల్చటి ఉక్కు రేకుని రసాయనంతో తొలిచి చేసే రకం, 3 అంగుళాల ఎత్తు. దాని సుడుల మధ్య మిగిలే కాగితం అక్కడక్కడా 1 మిల్లీమీటరు వెడల్పే ఉంటుంది. ఆ సన్నదనమే తర్వాత నన్ను ఏడిపించింది.

కార్డు మడిచాక 5 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు. లోపల ఎడమవైపు ఒడియా, కుడివైపు తెలుగు. ఆ లోపలి కాగితాలు ప్రెస్సులో అచ్చువేయించి అతికించాలనుకున్నాం. అక్షరాలు సరిచూసే పని రెండు కుటుంబాలూ చేశాయి, అందులో నాకు ఏ బాధా లేదు.

నమూనా కార్డులో నాలుగు మూలలా జాలీలాంటి లేసు కట్ చేశాను. ముందువైపు అండాకారంలో ఒక కిటికీ, దాంట్లోంచి లోపలి పేర్లు కనిపించేలా. నాకు ఎంతో నచ్చింది. పెళ్లికూతురి నానమ్మ, మేమందరం మామ్మగారు అంటాం, కార్డుని వెలుతురుకి ఎత్తి చూసి, "ఇదేటమ్మా, శుభలేఖకి చిల్లులెట్టీసేవు? నాలుగు మూలలా పసుపెక్కడ రాయాల?" అన్నారు.

ఆ మాటతో డిజైన్ మారింది. మూలలు నాలుగూ ఏ కోతా లేకుండా వదిలేశాను, ఒక్కో మూలా బొటనవేలు ఆనేంత. కిటికీని కార్డుకి కాకుండా పైన అతికే హ్యాండ్‌మేడ్ కాగితానికి మాత్రమే ఉంచి, వెనక పసుపు రంగు కాగితం వేసి, ఆ పసుపు మీద శంఖం నిలబెట్టాను. ఇప్పుడు ఎటు తిప్పినా చిల్లు లేదు. చెయ్యి తిరిగిన డిజైనర్ చెప్పినా నేను అంత త్వరగా ఒప్పుకునేదాన్ని కాదేమో. ఆ కార్డుకి పసుపు రాసి పంచే చెయ్యి ఆవిడది. ఆవిడకి సరిపడకపోతే అది శుభలేఖ ఎలా అవుతుంది?

నా మెషిన్ చేత్తో తిప్పేది. 6 అంగుళాల వెడల్పు సందు, లోపల రెండు రోలర్లు. సిజిక్స్ బిగ్ షాట్ వాడినవాళ్లకి ఆ రకం తెలుసు. కింద పలక, దాని మీద ప్లాస్టిక్ కటింగ్ ప్లేటు, దాని మీద కాగితం, పదును కాగితం వైపు ఉండేలా డై, పైన ఇంకో ప్లేటు. ఈ దొంతరని రోలర్ల మధ్యకి తోసి హ్యాండిల్ తిప్పితే ఒత్తిడికి డై కాగితంలోకి దిగుతుంది. కంప్యూటర్‌తో నడిచే క్రికట్, సిల్హౌట్ లాంటివి చిన్న బ్లేడుతో గీసి కోస్తాయి, వాటితో డై కొనకుండానే ఏ బొమ్మైనా వస్తుంది. కానీ పీచు ఎక్కువున్న హ్యాండ్‌మేడ్ కాగితం మీద బ్లేడు పీచుని లాగి మూలల్లో చింపుతుంది. డై పైనుంచి ఒక్కసారిగా నొక్కుతుంది కాబట్టి లాగడం ఉండదు. పైగా అక్టోబర్‌లో మాకు కరెంటు మీద నమ్మకం పెట్టుకోలేం. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస వైపు తీరం దాటి గజపతి జిల్లాని ముంచేసింది. ఆ నెలలో వాన మొదలైతే ఇప్పటికీ గుండె దడే.

కాగితాలు ఇవీ. కార్డుకి 250 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) ఐవరీ అనే నున్నటి అట్ట కాగితం, ఏ4 ప్యాకెట్లు. పైన అతికేదానికి సాంగనేర్ నుంచి తెప్పించిన 200 జీఎస్ఎం కాటన్ హ్యాండ్‌మేడ్. శంఖానికి 220 జీఎస్ఎం బంగారు రంగుది. ఆకులకి, కోణాలకి మామూలు రంగు కార్డ్‌స్టాక్.

మొదటి రోజు 12 కార్డులు చేశాను. సాయంత్రానికి మూడు లోపాలు కనబడ్డాయి. శంఖం సుడులు కొన్నిచోట్ల తెగలేదు, తెగినచోట అంచులు నూగుగా ఉన్నాయి. మడత మీద ఐవరీ పొర పగిలి తెల్లటి గీతలు లేచాయి. రాత్రికి కార్డులు విల్లులా వంగిపోయాయి. మూడూ ఒకేసారి రావడంతో మెషిన్ పాడైందనే అనుకున్నాను. కొత్తది కొందామని ధర కూడా చూశాను. తర్వాత తెలిసింది, మూడింటికీ కారణాలు వేర్వేరు.

ముందు కట్ కాకపోవడం. దీనికి ఒక పరీక్ష ఉంది, ఎవరైనా ముందు ఇదే చెయ్యాలి. డై తెగని చోటు పెన్సిల్‌తో గుర్తుపెట్టుకుని, డైని ప్లేటు మీద అదే స్థానంలో, పదును కాగితం వైపే ఉంచి, పై కొస కిందికి వచ్చేలా తిప్పి మళ్లీ కొయ్యాలి. తెగని చోటు డైతో పాటు తిరిగితే లోపం డైలో ఉంది. ప్లేటు మీద అక్కడే ఉండిపోతే లోపం ప్లేటుది. నాకు అది ప్లేటు మీదే ఉండిపోయింది. చూస్తే, నాలుగేళ్లుగా ప్రతి డైనీ ప్లేటు నట్టనడుమే పెట్టి కోస్తున్నాను. అక్కడ గాట్లు పడి లోతైపోయింది. డై అంచు ఆ పాత గాటులో కూర్చుంటే దానికి కింద ఆనడానికి ఏమీ ఉండదు, కాగితం నొక్కుకుంటుందే గానీ తెగదు. ప్లేట్లని ప్రతిసారీ బోర్లించకపోవడం వల్ల అవి వంపు కూడా తిరిగాయి.

కొత్త ప్లేట్లు తెప్పించేలోగా డైని పక్కకి జరిపి, ప్లేటు కింద ఒక మామూలు జెరాక్స్ కాగితం వేశాను. 80 జీఎస్ఎం కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. ఆ కాస్త మందంతోనే సగం సుడులు తెగాయి. రెండు కాగితాలు వేస్తే అన్నీ తెగాయి గానీ హ్యాండిల్ బరువెక్కింది, అందుకే ఒకటిన్నర దగ్గర ఆగాను. అంటే ఒకటి పూర్తిగా, రెండోది శంఖం సుడుల కింద మాత్రమే ఒక ముక్క. ఈ పనిలో ఎత్తు ఎంత ముఖ్యమో చెప్పే పాత సంగతి ఒకటుంది. 1879లో బ్రూక్లిన్‌లో రాబర్ట్ గెయిర్ అనే అచ్చు పనివాడి ప్రెస్సులో, సంచుల మీద మడత గీత నొక్కాల్సిన లోహపు రూలు చోటు తప్పి సంచులని కోసేసింది. ఒకే దెబ్బకి కొయ్యడం, మడత గీత వెయ్యడం రెండూ చెయ్యొచ్చని ఆయనకి అలా తట్టింది. ఇవాళ మనం చూసే మడత అట్టపెట్టెల వ్యాపారం అక్కడే మొదలైంది. కోతకీ నొక్కుకీ మధ్య తేడా అంతా ఎత్తులో వెంట్రుకవాసే.

ఇన్ని చేసినా హ్యాండ్‌మేడ్ కాగితం అంచుల నూగు మాత్రం పోలేదు. అది తేమ వల్ల. ఆ వారం వాన పట్టి ఉంది, గదిలో చిన్న తేమ మీటరు 84 శాతం చూపించింది. కాగితం పరీక్షించే ప్రయోగశాలల్లో గదిని 23 డిగ్రీలు, 50 శాతం తేమ దగ్గర ఉంచుతారు. 84లో కాగితం తడిసినట్టు కంటికి కనబడదు, కానీ పీచు మెత్తబడి డై కింద తెగకుండా సాగుతుంది. మా చెల్లి వాళ్ల ఏసీ గదిలో కాగితాలని విడివిడిగా పరిచి రెండు రాత్రులు ఉంచాను. తర్వాత సిలికా జెల్ పొట్లాలతో స్టీలు పెట్టెలో పెట్టి, ఒక గంటకి సరిపడా మాత్రమే బయటికి తీశాను. అంచు కత్తెరతో కోసినంత నున్నగా వచ్చింది. అలాగని మరీ ఎండబెట్టకూడదు. ఒక కట్టని మర్చిపోయి మూడు రోజులు అలాగే ఉంచితే అది పెళుసెక్కి, ఆకుల తొడిమలు విరిగిపోయాయి. మీటరు 50, 55 మధ్య చూపించినప్పుడు పని బాగా సాగింది.

ఇక మడత. దీని దగ్గరే ఎక్కువ రోజులు పోయాయి. మడత గీత నొక్కే బోన్ ఫోల్డర్ మార్చాను, గీత లోతు మార్చాను. గీత గీసినప్పుడు వెనక ఉబ్బిన వైపు మడత లోపలికి రావాలి. చాలామంది దీన్ని తిరగేసి మడుస్తారు. నేను సరిగ్గానే మడుస్తున్నాను, అయినా పగులుతోంది. పాడైన కార్డులు నాలుగు తీసుకుని పెద్దాయనకి పరిస్థితి చెప్పడానికి వెళ్లాను. టెన్షన్‌తో నా మాట తడబడుతోంది. మామ్మగారు కార్డు తీసుకుని మడత మీద గోరు రాసి చూశారు.

"పడుగేపు మడిచేవా, పేకేపు మడిచేవా?"

మగ్గం మీద నిలువు పోగు పడుగు, అడ్డ పోగు పేక. నేను ఇది కాగితమని చెప్పాను. ఆవిడ చేతిలోని కార్డు నాకు తిరిగి ఇస్తూ, "గుడ్డైనా కాయితమైనా పోగే కదమ్మా" అన్నారు.

నాకు తెలియని విషయం కాదు. మెషిన్ మీద తయారైన కాగితంలో పీచు ఎక్కువ భాగం ఒకే వైపుకి పడుకుని ఉంటుంది. అచ్చు పనివాళ్లు దాన్ని గ్రెయిన్ అంటారు. ఆ వైపుకి సమాంతరంగా మడిస్తే పోగుల మధ్య నుంచి మడత పడుతుంది. అడ్డంగా మడిస్తే పోగులే విరగాలి. తెలిసి కూడా నా ముందున్న ప్యాకెట్‌కి దాన్ని అన్వయించుకోలేదు. ఇంటికొచ్చి ఏ4 కాగితం నుంచి నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి ఒకే కొలతలో రెండు సన్నటి పట్టీలు కోసి, పక్కపక్కన పట్టుకుని కొసలు గాల్లోకి వదిలాను. అడ్డంగా కోసింది బాగా వాలింది, నిలువుది నిలబడింది. అంటే గ్రెయిన్ ఏ4 పొడుగు వైపు ఉంది. నా కార్డు విప్పితే 10 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు. ఏ4లో 10 అంగుళాలు పొడుగు వైపే పడతాయి, మడత సరిగ్గా గ్రెయిన్‌కి అడ్డంగా వస్తుంది. 160 కార్డులూ పగిలేవే.

పెద్ద షీటు కొని, మనం కోసుకోవడమే దారి. బడా బజార్‌లో 23 × 36 అంగుళాల షీట్లు దొరికాయి, గ్రెయిన్ 36 వైపు. 7 అంగుళాల కొలత 36 వైపుకి, 10 అంగుళాలది 23 వైపుకి పెడితే ఒక షీటుకి 10 కార్డులు వస్తాయి, మడత గ్రెయిన్ వెంటే పడుతుంది. 20 షీట్లు తీసుకున్నాను. ప్రతి ముక్క వెనకా పెన్సిల్‌తో చిన్న బాణం గుర్తు గీసి పడుగు ఎటో రాసుకున్నాను. ఆ రోజు నుంచి నా పుస్తకంలో గ్రెయిన్ అనే మాట లేదు, పడుగు అనే రాస్తున్నాను.

ఒడియా, తెలుగు అక్షరాలు ఇంత గుండ్రంగా ఉండటానికి తాటాకే కారణమని పెద్దలు చెబుతారు. గంటంతో అడ్డగీతలు గీస్తే ఆకు పోగు వెంట చీలిపోతుందని, అందుకే రాత సున్నాలు తిరిగిందని. పూరీ దగ్గర రఘురాజ్‌పూర్‌లో తాటాకు చిత్రాలు గీసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎడమవైపు ఒడియా, కుడివైపు తెలుగు ఉన్న ఆ లోపలి కాగితాలు అతికిస్తుంటే ఆ మాట చాలాసార్లు గుర్తొచ్చింది.

మూడోది, వంగిపోవడం. దీనికి సగం కారణం పడుగే. తేమకి కాగితం పడుగు వెంట పెద్దగా పెరగదు, అడ్డంగా ఎక్కువ పెరుగుతుంది. కార్డు ఒక వైపు, దాని మీది పసుపు కాగితం ఇంకో వైపు పెరిగితే అతుక్కున్న రెండూ ఒకదాన్నొకటి లాగి వంచేస్తాయి. అన్ని పొరల పడుగూ నిలువుగా ఉండేలా కోసుకున్నాక చాలావరకు తగ్గింది. మెషిన్ మీద కాకుండా చేత్తో జల్లెడ మీద పోసే హ్యాండ్‌మేడ్ షీట్లలో పోగు అన్ని వైపులా చెదిరి ఉంటుంది కాబట్టి దాంతో గొడవ లేదు. మిగతా సగం కారణం నా ఫెవికాల్. నీళ్లున్న గమ్ము బ్రష్‌తో మొత్తం రాస్తున్నాను, ఆ నీళ్లని ఒక పొర పీల్చుకుంటోంది. పెద్ద పొరలకి డబుల్ సైడ్ టేపు, శంఖానికి, ఆకులకి మాత్రం సూది మొన సీసాతో గమ్ము చుక్కలు. రాత్రంతా ఇస్త్రీ బల్ల కింద బరువు పెట్టి ఉంచాను. పొద్దున్నకి పలకలా ఉన్నాయి.

తొమ్మిదో రోజుకి అసలు పని మొదలైంది. ఒక్కో కార్డుకి నాలుగు కోతలు, కిటికీ, తోరణం, కోణాలు, శంఖం. మొత్తం 640 సార్లు హ్యాండిల్ తిప్పాలి. కిటికీ మినహా మిగతా మూడు డైలూ ఒకే ప్లేటు మీద పేర్చి, ఒక్కోదాని కింద దాని రంగు కాగితం పెడితే సగానికి సగం తగ్గుతుందని లెక్కేశాను. కుదరలేదు. ప్లేటు మీద పదును పొడవు పెరిగేకొద్దీ అదే ఒత్తిడిని డైలన్నీ పంచుకోవాలి, సన్నటి శంఖానికి చాలలేదు. శంఖాన్ని విడిగా, తోరణం కోణాలు కలిపి కోస్తే 480 అయింది. కోణాల పట్టీ రోలరుకి సమాంతరంగా ఉంటే అంచు మొత్తం ఒక్కసారి ఎదురై మెషిన్ బిగుసుకుపోతుంది. కాస్త ఏటవాలుగా పెడితే మెత్తగా వెళ్తుంది. శంఖం డైకీ కాగితానికీ మధ్య మైనం పూసిన కాగితం ముక్క వేస్తే ముక్కలు డైకి పట్టుకోకుండా ఊడివస్తాయి. అప్పటికీ సుడుల లోపలి చిన్న తుంపులు సూదితో ఒక్కొక్కటే తియ్యాల్సిందే. పక్కింటి అమ్మాయి రోజూ మధ్యాహ్నం వచ్చి ఆ పని చేసింది. 160 శంఖాల్లో తను చింపినవి రెండే.

డబ్బు లెక్క. కవరుతో కలిపి కార్డుకి 95 రూపాయలు, మొత్తం 15,200. సామానుకి కార్డుకి 38 చొప్పున 6,080. శంఖం డై, కొత్త ప్లేట్లు 4,200. ఆ అమ్మాయికి 1,800. పాడైన కాగితం 900. నాకు మిగిలింది 2,220, దాదాపు 60 గంటల పనికి. ఇది తక్కువే. ప్రత్యేకంగా చేయించే డై ఖర్చు కార్డు ధరలో కలపకుండా ముందే విడిగా తీసుకోవాలి. వానాకాలం ఆర్డర్ అయితే కాగితం ఆరే రోజులు గడువులో కలిపి చెప్పాలి. ఇప్పుడు అలాగే చేస్తున్నాను, ఎవరూ కాదనలేదు.

ఇరవై మూడో రోజు సాయంత్రం కార్డులు తీసుకెళ్లి ఇచ్చాను. అన్నిటికన్నా బాగా వచ్చిన రెండింటిని విడిగా పట్టు గుడ్డలో పెట్టాను. ఒకటి అబ్బాయి వాళ్లు పూరీ జగన్నాథుడికి ఇచ్చే మొదటి పత్రిక, ఇంకొకటి వీళ్లు సింహాచలం అప్పన్నకి ఇచ్చేది. మామ్మగారు పసుపు గిన్నె తెప్పించి, అప్పన్న కార్డుకి నాలుగు మూలలా బొటనవేలితో అద్ది, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టారు. తడికి మూలలు కొద్దిగా లేచాయి. నేను చూస్తున్నానని గమనించి, కార్డుని దేవుడి మందిరంలో పీట కింద పెట్టి, నన్ను కాఫీ తాగి వెళ్లమన్నారు. కాఫీ అయ్యాక తీసి చూపించారు. మూలలు నాలుగూ ఆరి, చదునుగా కూర్చుని ఉన్నాయి.